మేలేరిన పల్లెపాటలు

ఇంటింట పాటలపెట్టె యుండుట నేడు వింత గాదు. మొదట గ్రామఫోను వచ్చెను. పిమ్మట రేడియో, ఆ పిమ్మట క్యాసెట్టు వచ్చినవి. ఇప్పుడు అరచేతిలో ఫోనున్నది. పెట్టె మారినను అందు మనము వెదకెడి వస్తువు మారలేదు. ఒక గాయని జీవితకాలమున నూరు పాటలు పాడినను పది పండ్రెండు మాత్రమే జనుల నోట నిలుచును. ఆ పది పండ్రెండింటిని ఏరి, యొకచోట గూర్చి యమ్ముట సంగీతవ్యాపారమున చిరకాలముగ నున్న పద్ధతి. ఆణిముత్యములనియు, మధురగీతములనియు పేరు పెట్టి యమ్మిన యిట్టి క్యాసెట్లు సోదరీమణులలో పెక్కుమంది బీరువాలలో నేటికిని ఉండియే యుండును.

ఈ మాసము మేము ఆ కూర్పులను గూర్చియు, అందు ముఖ్యముగ పల్లెపాటల కూర్పులను గూర్చియు వ్రాయదలచితిమి. సినిమాపాటలను ఏరుట సులభము. వ్రాసినవా రెవరో, బాణీ కట్టినవా రెవరో, ఎన్ని ప్రతులు అమ్ముడుపోయినవో లెక్కయుండును. పల్లెపాటకు ఆ లెక్క లేదు. దాని నేరువా రెవరు? ఏరగా మిగిలినది ఏమగుచున్నది? ఈ ప్రశ్నలు మన యిండ్లకు దూరమైనవి గావు. ఆ పాటలలో పెక్కింటిని కట్టినవారును, పాడినవారును, కుమార్తెలకు నేర్పినవారును స్త్రీలే.

ఇట్టి కూర్పులకు దారి చూపినది 1958లో అమెరికాలో కొలంబియా కంపెనీవారు వెలువరించిన జానీ మాథిస్ అను గాయకుని ప్లేటని చెప్పుదురు. విడివిడిగా నప్పటికే అమ్ముడుపోయిన పాటలను మరల నొక పెద్దప్లేటుపై గూర్చిరి. క్రొత్తగా వాద్యగాండ్రకు కూలి యియ్యనక్కర లేదు. స్టూడియో అద్దెయును లేదు. అట్ట మార్చి యచ్చొత్తించిన చాలును. ఆ ప్లేటు తొమ్మిదేండ్లకు పైగా అమ్మకముల పట్టికనుండి దిగలేదు. నిన్నటి కూరకు తిరుగమోత పెట్టి వడ్డించినట్లే యున్నను, విందునకు వచ్చినవారు మరల మరల నడిగి పెట్టించుకొనిరి. 1948లో నొక్కొక ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పట్టెడి పెద్దప్లేటు పుట్టుటచేతనే యిది సాధ్యమయ్యెను. అంతకు ముందు మూడు నాలుగు నిమిషములకు ముగిసెడి చిన్నప్లేటే గతి.

అమెరికాలో కొండపల్లెలయందును, పొలముల నడుమను పుట్టిపెరిగిన పాటకు కంట్రీ సంగీతమని పేరు. ఫిడేలు, గిటారు, బాంజో దాని వాద్యములు. విడిచిపోయిన చెలికాడు, త్రాగుబోతు మగడు, చనిపోయిన తల్లి, ఆదివారపు ప్రార్థన దాని విషయములు. ఆ సంగీతమున స్త్రీలు పాడిన మేలేరిన కూర్పులలో మిక్కిలి ప్రసిద్ధి గాంచినది పాట్సీ క్లైను ప్లేటు. ఈమె 1932లో వర్జీనియా రాష్ట్రమున వించెస్టరు పట్టణమున జన్మించెను. తండ్రి కుటుంబమును విడిచి పోగా చదువు మానుకొని మందులదుకాణమున పానీయములు అందించుచు తల్లికి తోడ్పడెను. తల్లి కుట్టుపని చేయునది. కుమార్తె వేదికపై ధరించెడి దుస్తులను తానే కుట్టి యిచ్చెడిది.

1961 జూన్ మాసమున మోటారుప్రమాదమున పాట్సీ ప్రాణాపాయస్థితికి వచ్చెను. రెండు మాసములకే చంకకఱ్ఱలతో స్టూడియోకు పోయి, విల్లీ నెల్సన్ అను నప్పటి యువకవి వ్రాసిన పాటను పాడ గడంగెను. ప్రక్కటెముకల నొప్పిచేత పైస్వరములు అందక ఆ దినమున విడిచిపెట్టవలసి వచ్చెను. పిమ్మట మరల వచ్చి పాడిన పాటయే నేటికిని లోకమంతయు వినుచున్నది. 1963 మార్చి 5వ తేదీన విమానము కూలి ఆమె మరణించెను. వయస్సు ముప్పది. ఇద్దరు పసిబిడ్డలు మిగిలిరి. ఆమె జీవించియుండగా వెలువడిన పెద్దప్లేట్లు మూడే. నాలుగేండ్లకు, 1967లో, కంపెనీవారు పండ్రెండు పాటలను ఏరి యొక ప్లేటుగా వెలువరించిరి. అది కోటి ప్రతులకు మించి అమ్ముడుపోయెను. ఆమె కంఠమును ఆమె తరువాతి తరమునకు వినిపించినది ముఖ్యముగ నీ కూర్పే. కావున కూర్పు అనునది కేవలము వ్యాపారము గాదు. ఒక్కొకతరి యదియే గాయనికి రెండవ జన్మము.

అయితే ఒక భేదమును గమనింపవలెను. ఆ పండ్రెండు పాటలలో ప్రతిదానికిని వ్రాసినవారి పేరున్నది. పేరున్నచోట ధనమును వచ్చును. మన పల్లెపాటల ప్లేట్లపై నట్టిచోట జానపదము అని యొక్కమాట యుండును. ఆ మాట చాటున నెందరు దంపుళ్లవారు, ఎందరు నాట్లవారు, ఎందరు చూలింతలు, బాలింతలు ఉన్నారో!

తెలుగు పల్లెపాటకు వేదికయు, ప్లేటును, రేడియోయు సమకూర్చినవారిలో మొదట చెప్పదగినవారు వింజమూరి సోదరీమణులు, అనసూయాదేవిగారును, సీతాదేవిగారును. అనసూయాదేవిగారు 1920 మే 12వ తేదీన కాకినాడలో జన్మించిరి. తండ్రి వేంకట లక్ష్మీనరసింహారావుగారు పండితులు, నాటకకర్త, నటులు. తల్లి వేంకటరత్నమ్మగారు స్త్రీలకొరకు అనసూయ అను మాసపత్రికను నడపిరి. ఆ పత్రిక పేరే కుమార్తె పేరయ్యెను. మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు. ఇట్టి యింట పుట్టిన బాలిక కవిత్వమును, గానమును నేర్చుట యాశ్చర్యము గాదు. ఎనిమిదేండ్ల ప్రాయముననే ఆమె కంఠము గ్రామఫోను ప్లేటుపై నెక్కినది.

ఆ దినములను కొంచెము తలచికొనుడు. సంసారస్త్రీ సభలో పాడుటయే తప్పని యెంచెడి కాలము. పాడినను త్యాగరాజకీర్తన పాడవలెను గాని, దంపుళ్లపాటయా? అది పనిమనుషుల పాట గదా యని ముక్కుపై వ్రేలు వేసికొనెడివారు. అట్టి కాలమున నీ యక్కచెల్లెండ్రు హార్మోనియము ముందిడుకొని, పల్లెపాటను పల్లెయాసతోనే, శాస్త్రసంగీతమునకు ఇచ్చు శ్రద్ధతో సభలలో వినిపించిరి. స్వాతంత్ర్యోద్యమ సభలలో గాంధీజీ మున్నగు నాయకుల యెదుట పాడిరి. కృష్ణశాస్త్రిగారి దేశభక్తిగీతము జయ జయ ప్రియభారతకు మనము వినెడి బాణీ వీరిదని ప్రసిద్ధి. 1938లో మద్రాసున రేడియోకేంద్రము నెలకొన్న పిమ్మట తెలుగు పల్లెపాటకు ఇంకను విశాలమైన వేదిక దొరకెను. సీతాదేవిగారు తరువాత హైదరాబాదు ఆకాశవాణిలో జానపదసంగీత విభాగమున చిరకాలము పనిచేసిరి.

వీరు చేసినది కేవలము పాడుట గాదు, సేకరించుట. పల్లె స్త్రీలనుండి విని, నేర్చి, బాణీని పట్టుకొని, మరల పాడిరి. సేకరించుటయందే యేరుటయు నిమిడి యున్నది. పది పాటలు విన్నవారు రెండు పాడుదురు. ఆ రెండు ఎట్టివి? రాగము చెవికి ఇంపుగ నుండవలెను. పల్లవి వెంటనే నోటికి రావలెను. సభలోని పెద్దలు నొచ్చుకొనెడి మాట యుండరాదు. ఈ మూడు జల్లెడలలో దిగిన పాటలే పట్టణమునకు చేరినవి. ఇందు సోదరీమణులను నిందింపదగినది లేదు. ఆ జల్లెడ లేకున్న ఆ రెండును మనకు దక్కియుండెడివి గావు. మా యభిప్రాయమున వారు చేసిన పని ఎంత గొప్పదో చెప్పుటకు మిగిలిపోయినదానిని కూడ చెప్పవలసియున్నది.

మరియొక చిక్కును గలదు. నండూరి సుబ్బారావుగారి ఎంకి పాటలు 1925లో పుస్తకముగ వచ్చినవి. కొనకళ్ల వెంకటరత్నంగారి మొక్కజొన్న తోటలో అను పాటను సోదరీమణులు పాడగా తెలుగుదేశమంతయు నది మ్రోగినది. ఇవి చదువుకొన్న కవులు పల్లెభాషలో వ్రాసినవి. ఎంతయో అందమైనవి. కాని వీనిని పల్లెలో పుట్టిన పాటలతో కలిపి యొకే క్యాసెట్టుపై గూర్చి, అన్నింటికిని జానపదగీతములని పేరు పెట్టుటచేత, ఏది ఎంకి పాటయో ఏది యెల్లమ్మ పాటయో వినువారికి తెలియక పోయినది. ఇందువలన కవికి కలిగిన నష్టము లేదు, అతని పేరు పుస్తకముపై నున్నది. నష్టము ఎల్లమ్మకే.

టంగుటూరి సూర్యకుమారిగారును ఈ సందర్భమున స్మరింపదగినవారు. ప్రకాశం పంతులుగారి సోదరుని కుమార్తె. రాజమహేంద్రవరమున 1925లో జన్మించి, చిన్ననాటనే సినిమాలలో నటించి, తెలుగు పాటను ప్లేట్లద్వారా దేశమంతట వినిపించి, తుదకు లండనులో స్థిరపడి అచ్చటనే 2005లో మరణించిరి. అనసూయాదేవిగారు కడపటి దశలో అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున హ్యూస్టను నగరమున తమ కుమార్తెల చెంత నుండిరి. అచ్చటనే 2019 మార్చి మాసమున తొంబదితొమ్మిదవ యేట కన్నుమూసిరి. కంట్రీ సంగీతమునకు టెక్సాసు పుట్టినింటి వంటిది. ఆ నేలపైనే తెలుగు పల్లెపాటల భాండాగారము వంటి యొక తల్లి చివరిదాక పాటలు చెప్పుచు, వానిని పుస్తకములుగ ప్రకటించుచు, అసమాన అనసూయ అను స్వీయచరిత్ర వ్రాయుచు నుండెను.

ఇక ప్లేటు మాట. మన దేశమున మొదటి గ్రామఫోను ధ్వనిముద్రణములు 1902లో కలకత్తాలో జరిగినవి. గౌహర్ జాన్ అను గాయని తన పాట చివర తన పేరు తానే చెప్పుకొనెడిది. విదేశమున ప్లేటు చేయువారికి గాయని యెవరో తెలియుటకై యీ యేర్పాటని చెప్పుదురు. మన పల్లెపాటల ప్లేట్లకును ఆ యాచారమున్న నెంత బాగుండెడిది! ఆ చిన్నప్లేటుపై ఒక ప్రక్కకు మూడు నిమిషములు, మించిన నాలుగు. ఖయాలు పాడెడివారు రాగమును మూడు నిమిషములకు కుదించుకొనిరి. పల్లెపాటయు కుదించుకొనవలసి వచ్చెను.

కాని పల్లెపాట గడియారమునకై పుట్టినది గాదు, పనికై పుట్టినది. విసరుట యెంతసేపో పాట యంతసేపు. కుంచెడు వడ్లు దంచువరకు దంపుళ్లపాట నడువవలెను. నడుమ ఊపిరి పీల్చుకొనుటకు రోకటిదెబ్బయే తాళము. బిడ్డ నిద్రించినగాని లాలి ముగియదు. బతుకమ్మ చుట్టు తిరుగుచు పాడెడి పాటలో ఒకరు చరణమందుకొనగా మిగిలినవారు ఉయ్యాలో యనుచు నడుగు వేయుదురు. చరణము లెన్నియో చెప్పువారి జ్ఞాపకశక్తినిబట్టి యుండును. అట్టిదానికి మూడు నిమిషముల హద్దు పెట్టిన నేమగును? మొదటి రెండు చరణములు, నడుమ వేణువు, చివర పల్లవి. కథ పోవును. పేరులు పోవును. పుట్టింటివారి వరుసలు, అత్తింటి సాధింపులు, నగల పట్టికలు అన్నియు పోవును. వినుటకు మాత్రము హాయిగ నుండును.

ఒక యుదాహరణము చెప్పెదము. మన ముత్తవ్వలు పాడిన స్త్రీల రామాయణపు పాటలు కలవు. ఊర్మిళాదేవి నిద్ర అందొకటి. లక్ష్మణుడు అన్నవెంట అడవికి పోగా ఊర్మిళ పదునాలుగేండ్లు నిదురించెను. అతడు తిరిగివచ్చి పిలువగా భర్తను గుర్తింపక, పరపురుషుడు వచ్చెనని భయపడి, ఇట్టి దుర్మార్గము చేసిన రావణు డేమయ్యెనో తెలియదా యని మందలించును. లక్ష్మణదేవర నవ్వు మరియొకటి. పట్టాభిషేకసభలో లక్ష్మణుడు అకస్మాత్తుగ నవ్వగా, సభలోని ప్రతివారును తమ లోపమునే చూచి నవ్వెనని లోలోన కుములుదురు. సీతయు, రాముడును అందుకు మినహాయింపు గారు. సభలోని పెద్దలందరిని ఒక్క నవ్వుతో కలవరపెట్టిన పాట! వెల్చేరు నారాయణరావుగారు 1991లో ప్రకటించిన వ్యాసమున ఈ పాటలు స్త్రీలు తమకై తాము కట్టుకొన్న రామాయణమని వివరించిరి. రాముని విజయముకంటె సీత ప్రసవము, అత్తగారి ఆదరణ, చెల్లెండ్ర స్నేహము వీనిలో ముఖ్యములు.

ఈ పాటలు గంటల తరబడి సాగునవి. చిన్నప్లేటుపై ఎక్కుట కల్ల. కావుననే మేలేరిన కూర్పులలో నివి కానరావు. మనము మేలేరినవనుకొనునవి ప్లేటున బట్టినవి, అంతియే.

పుస్తకములవా రీ విషయమున కొంత మేలు చేసిరి. 1874లోనే జె. ఎ. బాయిల్ అను ఆంగ్లేయుడు తెలుగు వీరగాథల పాటలను గూర్చి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో వ్రాసెను. నేదునూరి గంగాధరంగారు ఊరూర తిరిగి వేలకొలది పాటలు ప్రోగుచేసిరి. టేకుమళ్ల కామేశ్వరరావుగారు పాత పాటలను అచ్చు వేయించిరి. బిరుదురాజు రామరాజుగారు జానపదగేయ సాహిత్యముపై ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధన చేసి 1956లో డాక్టరు పట్టము పొందిరి. పుస్తకమునకు మూడు నిమిషముల హద్దు లేదు గనుక పూర్తిపాట నిలిచినది. కాని బాణీ నిలువలేదు. ప్లేటున రాగముండి కథ పోయెను. పుస్తకమున కథయుండి రాగము పోయెను.

పేరు ఎట్లు పోవునో, ధనము ఎటు పోవునో చూచుటకు మరల నొకమారు అమెరికాకు పోవలసియున్నది. 1927 ఆగస్టు 1వ తేదీన టెనెసీ సరిహద్దునందలి బ్రిస్టలు పట్టణమున విక్టరు కంపెనీవారు తాత్కాలికముగ పెట్టిన ధ్వనిముద్రణశాలకు కార్టరు కుటుంబమువారు ముగ్గురు వచ్చిరి. ఎ. పి. కార్టరు, అతని భార్య సారా, మరదలివరుస మేబెల్. సారా చంకలో పాలుత్రాగెడి బిడ్డ. మేబెల్ నిండుచూలాలు. గుంతలదారిని పాతమోటారులో ఆమె అంతదూరము వచ్చి గిటారు వాయించెను. పాటకు యాబది డాలర్లిచ్చిరి. కంట్రీ సంగీతమునకు పునాది యా దినమున పడినదని చరిత్రకారులు చెప్పుదురు. పాడినది సారా, వాయించినది మేబెల్. కార్టరు కొండపల్లెలు తిరిగి పాతపాటలు ప్రోగుచేసెడివాడు. అతనికి తోడు వెళ్లిన లెస్లీ రిడిల్ అను నల్లజాతి గాయకుడు బాణీలను చెవితో పట్టి జ్ఞాపకముంచుకొని వచ్చెడివాడు. ప్లేట్లపై కర్తగా నెక్కిన పేరు ఎ. పి. కార్టరుదే. తాతలనాటి పాటలకు గూడ అతడే హక్కుదారు డయ్యెను. రిడిల్ పేరు ఎక్కడను రాలేదు. పాట చెప్పిన కొండవాసుల పేరు లసలే లేవు.

మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ధ్వనిముద్రణమునకు అది వెలువడిన తరువాత అరువదేండ్ల హక్కు కలదు. సంప్రదాయముగ వచ్చిన పాటకు కర్త తెలియడు గనుక ఆ పాటపై ఎవరికిని హక్కు లేదు. కాని దానిని ముద్రించినవారికి తమ ముద్రణముపై హక్కున్నది. కొంత మార్చి క్రొత్త చరణములు వ్రాసినవారికి ఆ చరణములపై హక్కున్నది. అనగా చెరువు అందరిది, కుండలోని నీరు కుండవానిది. చట్టమున నిది న్యాయమే. అయినను చెరువు త్రవ్వినవారి మనుమరాలు దప్పికతో గట్టున నిలిచియున్నప్పుడు చూచువారికి మనసు కలుక్కుమనును.

సినిమావారి ప్రస్తావన లేక ఈ విషయము పూర్తి గాదు. హైదరాబాదున సారథి స్టూడియోలో పూర్తిగ నిర్మింపబడిన మా ఇంటి మహాలక్ష్మి 1959లో వచ్చెను. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసెను. క్రమముగ తెలుగు సినిమా మద్రాసునుండి తరలివచ్చి జూబిలీహిల్సు, ఫిలింనగరు గుట్టలపై నిలుకడ నొందెను. ఈ గుట్టలకు పల్లెపాట ఎన్నడును క్రొత్త గాదు. 1980లో ప్రదర్శింపబడిన మాభూమి చిత్రమున గద్దరుగారు పాడిన పాట బండి యాదగిరి అను తెలంగాణ పోరాటయోధుడు కట్టినది. అందే వినబడు పల్లెటూరి పిల్లగాని పాట సుద్దాల హనుమంతుగారిది. పేరులతో సహా జనులకు తెలిసిన పల్లెపాటలవి. హనుమంతుగారి కుమారుడు అశోక్ తేజగారు సినిమాకవిగ ప్రసిద్ధులు.

ఆయన వ్రాసిన సారంగదరియా పాట 2021లో లవ్ స్టోరీ చిత్రముకొరకు వెలువడగా, పల్లెలో వినబడుచుండిన పాట దానికి మూలమని తెలిసినదే. ఆ పాటను తాను పెద్దలనుండి సేకరించి పాడితినని యొక జానపదగాయని ముందుకు వచ్చెను. పత్రికలలోను, టెలివిజనులోను వాదములు నడచినవి. దర్శకుడు శేఖర్ కమ్ములగారు ఆమెకు పేరును, పారితోషికమును ఇత్తుమని ప్రకటించిరి. ఈ వివాదమున నెవరు ఒప్పు, ఎవరు తప్పు అని తీర్పు చెప్పుట మా పని గాదు. నూరేండ్లుగ నడుగని ప్రశ్నను ఒక గాయని నోరు తెరచి యడుగుట మాకు ముఖ్యముగ తోచినది. ఎవరి నోటనుండి వచ్చినది ఈ పాట? బాయిల్ అడుగలేదు. ప్లేటు కంపెనీవారు అడుగలేదు.

ఆ ఫిలింనగరు గుట్టలకు దిగువగ, కొలదిమైళ్ల దూరమున బోరబండ యున్నది. ఒత్తైన యిండ్లు, సన్నని సందులు, రైలుస్టేషను. పలుజిల్లాల పల్లెలనుండి పొట్టచేత బట్టుకొని వచ్చి స్థిరపడిన కుటుంబము లిచ్చట పెక్కు. పైన గుట్టపై పల్లెపాట చేయించుటకు వాద్యగాండ్రను పిలిపింతురు. క్రింద అదే పాట కట్టెలపొయ్యి కాలమునుండి తెలిసిన ముసలమ్మలు గోడకు చేరగిలబడి మనుమల బడిసంచులు సర్దుచుందురు. వీరిని ఎవరును అడుగరు. అడిగినను మొదట సిగ్గుపడుదురు. మాకేమి వచ్చు తల్లీ, అవి మోటుపాటలు అందురు. రెండవమారు అడుగవలెను.

మేము గత మాసమున అట్లు అడిగితిమి. ఆమె పేరు వ్రాయుట ఆమె కిష్టము లేదు. మెదకు ప్రాంతపు పల్లె. డెబ్బది దాటిన వయస్సు. మొదట బతుకమ్మపాట యొకటి పాడెను. అది క్యాసెట్లలో మేము విన్నదే. రెండు చరణములు పాడి యాగినది. క్యాసెట్టులో అంతవరకే గదా యని నవ్వెను. తరువాత మిగిలిన చరణములు చెప్పుట కారంభించెను. పుట్టింటికి పంపుమని కోడలు అత్తను, అత్త మామను, మామ బావను అడుగుమని వరుసగ పంపెడి ఘట్టము. ఒక్కొకరి మాటకు ఒక్కొక గొంతు పెట్టెను. ప్రక్కింటి స్త్రీలు తలుపులవద్దకు వచ్చి నిలిచిరి. మూడవ తరగతి చదువు మనుమరాలు ఫోను పట్టుకొని పాటను ముద్రించెను.

ఇట్లు మీ యిండ్లలోను ముద్రింపదలచినవారికి మా యనుభవముపై కొన్ని మాటలు. పాట నడుమ ఆపింపవద్దు, తప్పుపాడిరని సరిదిద్దవద్దు. తప్పనుకొన్నదే అసలుపాఠము కావచ్చును. పంకా కట్టివేయుడు, కుక్కరు కూత వేయకుండ పొయ్యి తగ్గింపుడు. పని చేయుచు పాడెడి పాటయైన పని చేయుచునే పాడుమనవలెను. తిరుగలి లేకున్న చేట యైనను చేతికిచ్చి చూడుడు, మరచిన చరణములు చేతికదలికతో తిరిగి వచ్చును. పాట ముగిసిన పిమ్మట మూడు సంగతులు అదే ముద్రణమున అడుగవలెను. ఎవరివద్ద నేర్చిరి, ఏ యూరిలో, ఏ పనికి పాడిరి. పాడినవారి యనుమతి లేక దానిని పదిమందికి పంపకుడు. వారు ఒప్పుకొన్నయెడల పేరు ముందు చెప్పి పిదప పాట వినిపింపుడు. గౌహర్ జాన్ చేసినదే ఇది. ముద్రణమును ఫోనులో మాత్రము ఉంచిన ఫోనుతోబాటు పోవును. రెండవచోట గూడ దాచుడు. వ్రాయగలవారు మాటలను పుస్తకమున వ్రాసియుంచిన, వినుటకును చదువుటకును రెండును మిగులును.

బోరబండలో ముద్రించిన పాట నలువది నిమిషములు నడచినది. అప్పటికి కోడలు బావగారి యనుమతి దాక వచ్చెను. ఆ పైన మగనిని అడుగవలసియున్నది. అచ్చట ఆమెకు చరణము అందలేదు. రెండుమార్లు మొదటినుండి ఎత్తుకొని చూచెను, రాలేదు. అటుపిమ్మటిది తన చెల్లెలికి వచ్చునట. ఆమె జోగిపేటలో నున్నది. దసరాకు వచ్చునని చెప్పిరి.